మరగకముందే లేచే బుడగలు

స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పెట్టి, కాసేపు అక్కడే నిలబడి చూడండి. నీళ్లింకా వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగానే ఉంటాయి, అప్పటికే గిన్నె అడుగున, చుట్టూ అంచులకి ఆవగింజకన్నా చిన్న బుడగలు అంటుకుంటాయి. గరిటెతో కదిపితే ఒక్కొక్కటే ఊడి పైకి తేలిపోతాయి. నీళ్లు మరగడం మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. తెర్లేటప్పుడు అడుగునుంచి ఎగదన్నుకొచ్చే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరి. ముందుగా కనబడే ఈ చిన్న బుడగల్లో ఉండేది గాలి. అది బయటినుంచి కొత్తగా దూరిన గాలి కాదు. కుళాయి దగ్గర పట్టినప్పటినుంచీ ఆ నీళ్లలో కరిగే ఉంది. వేడెక్కేకొద్దీ నీటికి దాన్ని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది, అందుకే వదిలేస్తోంది.

25 డిగ్రీల దగ్గర, గాలి తగులుతూ ఉన్న లీటరు మంచినీటిలో సుమారు 18 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉంటుంది. అంటే మూడున్నర టీస్పూన్లు. చూడ్డానికి ఏమంత కాదు. కానీ గాలి ఒక పాఠం, నీరు ఒక పాఠం అని పుస్తకంలో విడివిడిగా చదివే రసాయనశాస్త్రంలో సగానికి పైగా ఈ మూడున్నర చెంచాల గాలి చుట్టూనే తిరుగుతుంది.

మిశ్రమం అని ఎలా తెలిసింది?

"గాలి మిశ్రమం, నీరు సమ్మేళనం." ఈ వాక్యాన్ని ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ప్రతి విద్యార్థీ కనీసం నాలుగుసార్లు రాసి ఉంటాడు. ఎలా తెలుసు అని అడిగితే మాత్రం, పుస్తకంలో ఉంది అనే జవాబే ఎక్కువగా వస్తుంది. నిజానికి రుజువు ఆ గిన్నెలోనే ఉంది.

తేమ తీసేసిన మామూలు గాలిలో నైట్రోజన్ 78.08 శాతం, ఆక్సిజన్ 20.95 శాతం, ఆర్గాన్ 0.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతానికి కొంచెం పైన. మూతిదాకా నింపిన ఫ్లాస్కును వేడిచేసి, లోపలినుంచి వచ్చే గాలిని గొట్టం ద్వారా బోర్లించిన పరీక్షనాళికలో పట్టి కొలిస్తే లెక్క మారిపోతుంది. అందులో ఆక్సిజన్ 21 శాతం ఉండదు, దాదాపు 34 శాతం ఉంటుంది. మూడింట ఒక వంతన్నమాట. ఒకే పీడనం దగ్గర చూస్తే నైట్రోజన్ కంటే ఆక్సిజన్ నీటిలో రెండు రెట్లు ఎక్కువగా కరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

నూకలు కలిసిన బియ్యాన్ని జల్లెడ పడితే కింద రాలినదాంట్లో నూకల పాలు పెరుగుతుంది. ఇక్కడ నీరు ఆ జల్లెడ పని చేసింది. గాలి గనక ఒకే సమ్మేళనమై ఉంటే, ఎంత కరిగినా అదే పాళ్లలో కరగాలి, బయటికి వచ్చినప్పుడూ అదే పాళ్లలో రావాలి. పాళ్లు మారాయంటే, లోపల ఉన్నవి దేని దారిన అవి ఉన్నాయని అర్థం. దేని ద్రావణీయత దానిది.

నీరు అలా కాదు. గోదావరిలో ముంచినా, మంచుగడ్డ కరిగించినా, హైడ్రోజన్‌ను మండించి చల్లార్చినా, శుద్ధి చేశాక అందులో బరువు ప్రకారం హైడ్రోజన్ 1 వంతు, ఆక్సిజన్ 8 వంతులు. వాయువులుగా విడగొట్టి కొలిస్తే హైడ్రోజన్ 2 వంతులు, ఆక్సిజన్ 1 వంతు. ఏ జల్లెడ పట్టినా ఈ పాళ్లు మారవు.

ఇది తేలడానికి చాలా కాలం పట్టింది. నీరు పంచభూతాల్లో ఒకటి, దాన్నింకా విడగొట్టలేమన్న నమ్మకం మన దగ్గరే కాదు, యూరప్‌లోనూ పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ఉంది. ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ హైడ్రోజన్‌ను గాలిలో మండిస్తే పాత్ర గోడల మీద చెమ్మ పట్టడం చూశాడు. ఆ చెమ్మ స్వచ్ఛమైన నీరని 1784లో ప్రకటించాడు. ఫ్రాన్స్‌లో లావోయిజర్ ఎదురు దారిన వెళ్లాడు. ఎర్రగా కాలిన ఇనుప గొట్టంలోంచి నీటి ఆవిరిని పంపితే ఇనుము ఆక్సిజన్‌ను పట్టేసుకుంది, అవతలి చివర హైడ్రోజన్ బయటికి వచ్చింది. 1800లో వోల్టా బ్యాటరీ సంగతి తెలిసిన కొద్ది వారాల్లోనే ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు నీటిలోకి కరెంటు పంపి రెండు వాయువులనూ విడివిడిగా రాబట్టారు.

ఈ చివరి ప్రయోగం బడిలో చేయదగ్గది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు, చిటికెడు వంటసోడా కలిపిన గ్లాసెడు నీళ్లు చాలు. రుణధ్రువం (బ్యాటరీ మైనస్ వైపు) దగ్గర హైడ్రోజన్ బుడగలు జోరుగా, ధనధ్రువం (ప్లస్ వైపు) దగ్గర ఆక్సిజన్ బుడగలు నెమ్మదిగా వస్తాయి. రెండుకి ఒకటి అన్న లెక్క కంటికి కనిపిస్తుంది. సోడా బదులు ఉప్పు మాత్రం వేయకూడదు. ఉప్పు వేస్తే ఆక్సిజన్‌తోపాటు క్లోరిన్ కూడా వస్తుంది, అది ఊపిరితిత్తులకు చెడ్డది.

పేర్లలో ఉన్న చరిత్ర

పాత తెలుగు పుస్తకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అనేవారు. ఉద అంటే నీరు, జని అంటే పుట్టించేది. మండితే నీటిని పుట్టిస్తుంది కాబట్టి ఆ పేరు ముమ్మాటికీ సరైనది. ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నారు, ఆమ్లాలను పుట్టించేదని. ఈ పేరులో మాత్రం ఒక పాత పొరపాటు దాగి ఉంది. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని లావోయిజర్ నమ్మాడు, గ్రీకు మాటలతో ఆ అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. మన పండితులు దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చుకున్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప ఆక్సిజన్ లేనే లేదని హంఫ్రీ డేవీ పరిశోధనలతో 1810 ప్రాంతంలో తేలింది. అప్పటికే పేరు స్థిరపడిపోయింది. ప్రాణవాయువు అన్న మాటే దీనికి బాగా అతుకుతుంది.

ఆర్గాన్ కథ ఇంకా ముచ్చటైనది. గాలిలోంచి ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తే మిగిలేదంతా నైట్రోజనే అని వందేళ్లు అనుకున్నారు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఆ మిగిలినదాన్ని లీటరు తూస్తే 1.257 గ్రాములు వచ్చింది. రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ లీటరు 1.251 గ్రాములే తూగింది. తేడా అర శాతం. తూకంలో పొరపాటని తోసేయకుండా దాని వెంటపడ్డాడు. 1894లో రసాయనశాస్త్రవేత్త రామ్సేతో కలిసి ఆర్గాన్‌ను ప్రకటించాడు. మనం పీల్చే ప్రతి వంద వంతుల గాలిలో దాదాపు ఒక వంతు అదే, అయినా అప్పటిదాకా ఎవరికీ పట్టుబడలేదు. గాలిలో అతి కొద్దిగా, పది లక్షల వంతుల్లో 5 వంతులు ఉండే హీలియం కథకి మన గుంటూరుతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడినుంచే పరిశీలించాడు. సూర్యుడి వెలుగులో ఒక కొత్త పసుపు గీత ఉందన్న సంగతి ఆ గ్రహణ పరిశీలనలతోనే మొదలైంది. ఆ గీత హీలియందే.

చేప పీల్చేది ఏది?

విద్యార్థుల్లో ఒక అపోహ గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. నీరు హెచ్‌టూఓ కదా, అందులో ఓ ఉంది కదా, చేప దాన్నే పీల్చుకుంటుంది అని. ఒక్క లెక్కతో ఇది తేలిపోతుంది. కిలో నీటిలో ఆక్సిజన్ ఎంత? బరువులో తొమ్మిదింట ఎనిమిది వంతులు, అంటే సుమారు 888 గ్రాములు. అదంతా హైడ్రోజన్‌తో ముడిపడి ఉంది. ఆ ముడి విప్పాలంటే కిలో నీటికి దాదాపు 4.4 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. ఏ మొప్పకీ ఆ పని చేతకాదు. చేపకి అందేది కరిగి ఉన్న ఆక్సిజన్ ఒక్కటే. అది 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములు చిల్లర. ముడిపడి ఉన్నదానిలో లక్షో వంతు కూడా కాదు. ఇంత ఆక్సిజన్ మధ్యలో ఈదుతూ కూడా, ఆ కాస్తా కరువైతే చేప ఊపిరాడక చచ్చిపోతుంది. సమ్మేళనంలో ఉన్న మూలకం వేరు, విడిగా ఉన్న మూలకం వేరు అన్న మాటకి ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

ఇది పుస్తకంలోని లెక్క మాత్రమే కాదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో చెరువులు పెట్టిన రైతులకి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని లెక్క. చెరువు నీటిలో కంటికి కనిపించని పచ్చటి నాచు కణాలు కోట్లలో ఉంటాయి. పగలు అవి ఎండని వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుని ఆక్సిజన్‌ను వదులుతాయి. సాయంత్రానికి నీటిలో ఆక్సిజన్ మెండుగా ఉంటుంది. పొద్దు గుంకాక ఆ తయారీ ఆగిపోతుంది. చేపలు, రొయ్యలు, అడుగున కుళ్లే మేతలోని సూక్ష్మజీవులు, చివరికి ఆ నాచు కూడా, అందరూ ఉన్న నిల్వనే వాడుకుంటారు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య నిల్వ అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల పైన ఉంటే నిశ్చింత. 3 కిందికి దిగితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ముసురు పట్టిన రోజైతే పగటి సంపాదనే తక్కువ కాబట్టి ఆ రాత్రి ఇంకా ప్రమాదం.

ఎండాకాలంలో ఇబ్బంది రెండింతలవుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలిగితే, 30 డిగ్రీల నీరు 7.6 మిల్లీగ్రాములే పట్టగలదు. గిన్నెలో బుడగలు లేవడానికి కారణమైన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. నీరు వేడెక్కితే చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటికి దాన్ని ఇచ్చే శక్తి తగ్గుతుంది. రొయ్యల చెరువుల్లో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం తగ్గుతుంది.

చెరువు పైన అంత గాలి ఉందిగా, దిగిపోవచ్చు కదా అనిపిస్తుంది. నిలకడ నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో పాకే వేగంలో పది వేలో వంతు. పై పొర నిండినా అడుగుకి అందదు. అందుకే ఏరేటర్లు. తెడ్ల చక్రం గిరగిరా తిరుగుతూ నీటిని తుంపర్లుగా ఎగజిమ్ముతుంది. ప్రతి తుంపర చుట్టూ గాలి తగులుతుంది, నీరూ కలియబడుతుంది. చక్రం ఆక్సిజన్‌ను తయారుచేయడం లేదు. గాలికీ నీటికీ మధ్య ఉన్న గుమ్మాన్ని వెడల్పు చేస్తోంది, అంతే.

గ్లాసులో బొర్రా గుహ

గాలిలో నూటికి 0.04 వంతే ఉన్న కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసినప్పుడు చేసే పని మిగతా వాయువులేవీ చేయలేవు. ఒకే పీడనం దగ్గర అది ఆక్సిజన్ కంటే పాతిక రెట్లు ఎక్కువగా కరుగుతుంది. పైగా ఊరికే కరిగి ఊరుకోదు. నీటితో కలిసి కొద్దిగా కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. గోలీసోడాలో నాలుకని చురుక్కుమనిపించేది అదే. పీడనం మీద కూరిన వాయువు, గోలీ లోపలికి నొక్కగానే పీడనం తగ్గి బుసబుసా బయటికి వస్తుంది. ఏ కాలుష్యమూ లేని చోట పడే వాన కూడా ఈ ఆమ్లం వల్లే కొంచెం పులుపు. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో (7 అంటే పులుపు లేనట్టు, తగ్గేకొద్దీ పులుపు) దానిది 7 కాదు, సుమారు 5.6.

ఈ ఆమ్లం చేసే పనిని చూడటానికి కిళ్లీకొట్టు సున్నం చాలు. శనగగింజంత సున్నాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపి కదలకుండా వదిలేయాలి. కొన్ని గంటలకి సున్నం అడుగుకి దిగి పైన తేట నిలుస్తుంది. ఆ తేటను మెల్లగా వంపుకుని, అంతే నీళ్లు కలిపి పలచన చేసి, స్ట్రాతో అందులోకి ఊపిరి ఊదాలి. పీల్చకూడదు, తేట నోట్లోకో కంట్లోకో పోకుండా చూసుకోవాలి. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం, అంటే మామూలు గాలిలో ఉన్నదానికి వంద రెట్లు. కాసేపటికే తేట పాలలా తెల్లబడుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ కాస్తా కాల్షియం కార్బొనేట్ అయింది. అది నీటిలో కరగదు కాబట్టి తెల్లటి పొడిగా తేలింది. పండక్కి సున్నం వేసిన గోడ ఆ పూట పేలవంగా ఉండి, ఆరేకొద్దీ తెల్లగా గట్టిపడేది కూడా ఇలాగే. గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది.

చాలా బడుల్లో ప్రయోగం ఇక్కడితో ఆపేస్తారు. అసలు విశేషం ఆ తర్వాతే. ఓపికగా ఇంకా ఊదుతూ పోతే పాలు మళ్లీ తేటపడతాయి. ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి ఆ కరగని కార్బొనేట్‌ను కరిగే బైకార్బొనేట్‌గా మార్చేశాయి. ఆ తేటను వేడిచేస్తే వాయువు వెళ్లిపోతుంది, మళ్లీ తెల్లబడుతుంది.

అరకు దారిలోని బొర్రా గుహల్లో జరిగిందీ ఇదే, ఇంకా జరుగుతున్నదీ ఇదే. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు వేర్ల ఊపిరి, కుళ్లే ఆకుల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. మట్టి సందుల్లోని గాలిలో అది పైగాలిలో కంటే పదుల రెట్లు ఉంటుంది. ఆ పులుపెక్కిన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దారి తొలుచుకుంది. అలా తొలిచిన గుహ కప్పులోంచి బొట్టు కిందికి దిగినప్పుడు, గుహ గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి బొట్టులోది బయటికి పోతుంది. పట్టి ఉంచినది పోయాక కాల్షియం కార్బొనేట్ అక్కడే పేరుకుంటుంది. నీరు ఆరిపోవడం వల్ల రాయి మిగిలిందని చాలామంది చెబుతారు కానీ, తేమతో నిండిన గుహలో ఆరేది తక్కువ. ముఖ్య కారణం నీటిలోంచి వాయువు తప్పుకోవడం. ఇలాంటి రాతి ఊడలు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయంటే, మనిషంత ఊడకి ఎన్ని వేల ఏళ్లో విద్యార్థులే లెక్క కట్టుకోవచ్చు.

వాటర్ హీటర్ కడ్డీకి పట్టే తెల్లటి పెచ్చు కూడా ఆ రాయే. బోరు నీటిలోని కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కార్బొనేట్‌గా అంటుకుంటుంది. నీటిలో ఇలా కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉండటాన్ని కాఠిన్యం అంటారు. మరిగిస్తే పోయే ఈ కాఠిన్యం తాత్కాలికం. కాల్షియం, మెగ్నీషియం సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది శాశ్వతం. అది మరిగినా పోదు. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదని, పప్పు ఉడకదని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటకి రసాయన కారణం ఉంది. కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. పప్పుగింజ కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్‌ను బిగించి, గింజ విచ్చకుండా చేస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతి.

మరిగిస్తే పోనిది

కాల్షియం ఎక్కువైతే చిక్కు, తక్కువైతే ఇంకో చిక్కు. నల్లగొండ నీటి కథ అదే. అక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా పట్టి ఉంచుతుంది, ఎక్కువ కరగనివ్వదు. మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నీటిలో బైకార్బొనేట్ పెరిగినప్పుడు కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది. కాపలా పోయాక ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5. అంతకుమించి ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకి గార, తర్వాత ఎముకలు వంకర్లు పోవడం. మనదేశంలో ఈ జబ్బు గురించి తొలి శాస్త్రీయ నివేదికల్లో ఒకటి 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. దీనికి విరుగుడుగా నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో సున్నం, పటిక కలిపి తిప్పితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు కడుతుంది. ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకి దిగుతుంది.

ఇక్కడ పొరపాటు పడితే మనుషులే నష్టపోతారు. నీళ్లు కాచి తాగితే అన్నీ పోతాయన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. కాచితే క్రిములు చస్తాయి, కరిగిన వాయువులు పోతాయి, తాత్కాలిక కాఠిన్యం గిన్నెకి అంటుకుంటుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు పోవు. ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో అవి చిక్కబడతాయి. రెండు లీటర్లు పెట్టి లీటరయ్యేదాకా మరిగిస్తే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్ దాదాపు 3 మిల్లీగ్రాములవుతుంది.

ఇక ఆ కాచిన నీళ్లు చల్లారాక చప్పగా ఉంటాయి. కరిగిన గాలి పోవడం దానికి ఒక కారణం. మూతపెట్టి నిండుగా చల్లార్చిన ఆ నీళ్లలో శుభ్రంగా తోమిన మేకు వేసి, పైన నూనె పోసి ఉంచితే రోజుల తరబడి తుప్పు పట్టదు. పక్క గ్లాసులో కుళాయి నీళ్లలో వేసిన మేకు మర్నాటికే ఎర్రబడుతుంది. చేపల తొట్టెలో పోయాలన్నా, తాగడానికి కాస్త రుచి రావాలన్నా, చల్లారిన నీటిని రెండు చెంబుల మధ్య ఎత్తునుంచి అటూ ఇటూ పదిసార్లు తిరగబోస్తే చాలు. చెరువులో ఏరేటరు చేసే పనే అది.